నైరుతికి వాటం

మా ఊర్లో వాస్తును నా అంత గట్టిగా పట్టించుకున్న మనిషి ఇంకొకరు ఉండరు. నేనేమో క్రైస్తవురాలిని, అందులోనూ సండే స్కూలు టీచర్ని. ఇదెట్లా కుదిరిందంటారా? వాస్తు ఏది చెబితే దానికి సరిగ్గా తలకిందులుగా చేసేదాన్ని. తలకిందులుగా చేయాలంటే ముందు అది ఏం చెబుతుందో తెలియాలి కదా! అందుకని శ్రద్ధగా అడిగి మరీ తెలుసుకున్నాను.

పొయ్యి ఆగ్నేయంలో ఉండాలంటారు. నేను మా ఇంట్లో పట్టుబట్టి ఈశాన్యంలో పెట్టించాను. ఆ మూల కిటికీ లేదు. మిరపకాయల తాలింపు వేసిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్ళం. మా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "కిటికీ యాడుండాదో చూసి పొయ్యి పెట్టుకోవల్ల గానీ, ఇదేం పంతం తల్లీ నీది" అనేది. విశ్వాసం కోసం రవ్వంత దగ్గితే ఏం కాదత్తా అని నేను జవాబు చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు నాకూ దగ్గు వచ్చేది.

పిల్లి ఎదురైతే అందరూ ఆగిపోతారు. నేనూ ఆగేదాన్ని, కాకపోతే అది నా ముందు అడ్డంగా పోయిందాకా కాచుకుని, ఆ తర్వాత దర్జాగా నడిచేదాన్ని. ఒకసారి పిల్లి నడిరోడ్డు మీద కూర్చుని ఒళ్ళు నాక్కోవడం మొదలుపెట్టింది. నేను కదల్లేదు, అదీ కదల్లేదు. నేను పాఠాలు చెప్పే ఊరి బడికి ఆలస్యమైంది. హెడ్మాస్టరు ఎందుకు లేటని అడిగితే పిల్లి అడ్డం పోలేదు సార్ అన్నాను. ఇక రాహుకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. నంద్యాలకు పోవాలంటే పచారీ అంగడి శెట్టి దగ్గరికి పోయి, ఈ రోజు రాహుకాలం ఎప్పుడని క్యాలెండరు చూపించుకుని, సరిగ్గా ఆ వేళకే గడప దాటేదాన్ని. దానివల్ల రెండుసార్లు బస్సు తప్పింది. మా ఆయన తల కొట్టుకుని, "నీకుండే పట్టింపు ఆ శెట్టికి గూడ లేదు గదే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను దేవుని బిడ్డను, నాకు పట్టింపేమిటి అని అరిచాను. ఆ పూట ఆయనకు అన్నంలోకి పచ్చడి మాత్రమే వేశాను.

నేను చెప్పబోయేది మా మందిరంలో నేల పరిచినప్పటి సంగతి. నేనెంత తెలివిగల దాన్నో చెప్పాలంటే ముందు ఇవన్నీ చెప్పక తప్పలేదు.

మా ఊరు బేతంచెర్లకు బస్సులో అరగంట. చుట్టూ నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, తెల్లటి దుమ్ము. మా ఆయన కూడా పాలిష్ ఫ్యాక్టరీలోనే రాళ్ళు కోసే మిషన్ మీద పని చేస్తాడు. మేం కోసి, నునుపు చేసి పంపిన బండలు లారీలెక్కి యాడెక్కడికో పోయి ఎవరెవరి ఇళ్ళల్లోనో నేలలవుతాయి. మా మందిరంలో మాత్రం గచ్చు పెచ్చులు లేచి, మోకరిస్తే మోకాళ్ళలో రాళ్ళు గుచ్చుకునేవి. ఇంత రాతి సీమలో ఉండి దేవుని ఇంటికి నాలుగు బండలు వేయలేమా అని స్త్రీల సమాజంలో నేనే మొదట లేచి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా సంఘంలో ఒక అలవాటు ఉంది. పొద్దున ఎసట్లో బియ్యం వేసే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక పిడికెడు తీసి దేవునికని వేరే డబ్బాలో పోస్తాం. ఆ పిడికెడు బియ్యాన్నే ఏడాదిన్నర పాటు కూడబెట్టి, అమ్మిన డబ్బుతో నేల పనికి సిద్ధమయ్యాం. పని చూసుకునే బాధ్యత నాకిచ్చారు.

నాకు ఆ బాధ్యత ఇచ్చినందుకు ఎంత పొంగిపోయానో, దానితోపాటు వచ్చిన ఇంకో మాటకు అంతకు పదింతలు పొంగిపోయాను. నేల ప్రతిష్ఠ చేసే ఆదివారం వర్తమానం, అంటే వాక్య ప్రసంగం, నన్నే చెప్పమన్నారు మా అయ్యగారు. అయ్యగారంటే మా పాస్టరు. అంతవరకూ వేదిక మీదికి నేను పాటల పుస్తకాలు మోయడానికి తప్ప ఎక్కలేదు. దేని గురించి చెబుతావమ్మా అని అడిగితే ఆలోచించకుండానే చెప్పాను. దేవుడంటే భయభక్తులుండే మనిషికి తెలివి ఎట్లా వస్తుందో చెబుతానన్నాను. దేవునియందు భయభక్తులే తెలివికి మూలమనే ఆ వాక్యం నాకు చిన్నప్పటి నుంచీ కంఠత. కంఠత వాక్యాల పోటీల్లో దాన్ని చెప్పే స్టీలు డబ్బాలు, టిఫిను క్యారియరూ గెలుచుకున్నాను. ఆ తెలివి నాకు వచ్చేసి చాలా కాలమైందనే అనుకునేదాన్ని.

బండలు పరచడానికి మా ఊరి మేస్త్రీనే పిలిచాం. ముస్లిం, అరవై దాటినాయన. సన్నగా, వంగిన నడుముతో, గడ్డానికి గోరింటాకు ఎరుపు. మా ఊర్లో శెట్ల ఇళ్ళకు, రెడ్ల ఇళ్ళకు, దర్గాకు అన్నిటికీ నేల పరిచింది ఆయనే. ఆయన పరిచిన నేల మీద గోలీ పెడితే అది కదలకుండా నిలబడుతుందని చెప్పుకునేవాళ్ళు. నీళ్ళు పోస్తే మాత్రం ఒక్క చుక్క నిలవదట.

మొదటి రోజు ఆయన మందిరం లోపలికి వచ్చి, చెప్పులు బయట విడిచి, గోడలన్నీ ఒకసారి తడిమి చూశాడు. తర్వాత సన్నటి పైపులో నీళ్ళు పోసి, ఆ మూలా ఈ మూలా పట్టి మట్టం చూసుకున్నాడు. వేదిక పక్కన, వెనక తలుపు దగ్గర గోడ అడుగున బొటనవేలితో గీత గీసి, "ఈడ ఒక తూము పెట్టల్ల టీచరమ్మా. నీళ్ళన్నీ ఈశాన్యానికి పోతాయి" అన్నాడు.

ఆ ఈశాన్యం అనే మాట వినగానే నాకు పూనకం వచ్చినట్లయింది.

"ఏంది మేస్త్రీ? దేవుని మందిరంలో ఈశాన్యమా? మాకు వాస్తు లేదు, గీస్తు లేదు."

ఆయన కళ్ళు చిన్నవి చేసి నావైపు చూశాడు. "వాస్తు ఎవరు చెప్పినారమ్మా? ఆ పక్క నీళ్ళు పారే వంక ఉండాది. పల్లం ఆ పక్కనే ఉండాది. తూర్పు అంటే సగం తప్పు, ఉత్తరం అంటే సగం తప్పు. ఆ మూలకు ఈశాన్యమనే గదా పేరు."

"పేరు మార్చినా వాస్తు వాస్తే. రేపు ఎవడన్నా వచ్చి, చూసినారా, క్రైస్తవులు గూడ ఈశాన్యం పల్లంగానే పెట్టుకున్నారు అంటే మా సాక్ష్యం ఏం కావల్ల?"

"నీళ్ళు పల్లానికి పారల్లని రాసింది ఆ పైవాడు గదమ్మా, సిద్ధాంతి కాదు గదా" అన్నాడాయన.

ఆ మాట అప్పుడే వినిపించుకుని ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. నేను వినిపించుకోలేదు. వాస్తు ప్రకారం నైరుతి ఎప్పుడూ మెరకగా ఉండాలి. కాబట్టి దేవుని మహిమ కోసం నైరుతే పల్లంగా ఉండాలని తేల్చేశాను. నీళ్ళు నైరుతి మూల నుంచి పడమటి వాకిలి గుండా బయటకు పోతాయి, నేల వాలు, అంటే వాటం, అటే పెట్టమన్నాను.

మేస్త్రీ నన్ను వాకిలి దగ్గరికి పిలుచుకుపోయి వీధి చూపించాడు. మా వీధిలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసీ వేసీ, రోడ్డు మా గడపకంటే జానెడు ఎత్తుకు లేచి ఉంది. "నీళ్ళు మెట్టెక్కి పోతాయా అమ్మా? పోయేది అట్లుండనీ, వాన పడితే వీధిలో నీళ్ళే లోపలికొస్తాయి" అన్నాడు.

వాన అనగానే నాకు నవ్వు వచ్చింది. మా సీమలో వాన గురించి భయపడేవాణ్ణి అదే మొదటిసారి చూడటం. "వాన పడనీ మేస్త్రీ, మేము ఉపవాసముండి అడుగుతాండేది దానికోసమే" అన్నాను.

ఆయన అక్కడే గడప మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "చూడమ్మా, నాకు కండ్లు మసకబడ్తాండాయి. ఇంగ ఎన్ని పనులు చేస్తానో తెలీదు. మీ పెద్దాయన కొత్తిల్లు కడ్తాండాడు. ఈ నేల చూసి, బాగుంటే ఆ పని నాకే ఇస్తానన్నాడు. నేను పరిచిన బండ మీద నీళ్ళు నిలిచినాయంటే ఆ పనీ పోతాది, ఊర్లో నా పేరూ పోతాది. మేస్త్రీకి పేరు పోతే ఇంగేముంటాదమ్మా?"

పెద్దాయన అంటే మా సంఘ పెద్ద. రైల్వేలో పని చేసి దిగిపోయినాయన. గట్టి మనిషి. ఆయన మంచి అన్నది మంచి, చెడ్డ అన్నది చెడ్డ అని ఊర్లో నడుస్తుంది.

నేను అప్పుడు చేసిన పని నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వేదిక వైపు తిరిగి, చేయెత్తి, పోటీల్లో వాక్యం చెప్పే గొంతుతో అన్నాను. "దేవుని సన్నిధిలో చెప్తాండా మేస్త్రీ. రేపు ఎవరన్నా నిన్ను ఒక్క మాటంటే, ఈ వాటం పెట్టించింది నేను అని నేనే లేచి చెప్తా. పూచీ నాది."

ఆయన నా ముఖం చూశాడు, తర్వాత వేదిక చూశాడు. "నీ దేవుని ముందర అంటివి. చాల్లే" అని లేచి, తాపీ అందుకున్నాడు.

పని పన్నెండు రోజులు నడిచింది. ఇద్దరు కూలీలను పెట్టుకుని బండలు తెచ్చి, ఇసుక పరిచి, ఒక్కొక్క బండనూ చెక్క సుత్తితో మెల్లగా కొట్టి కూర్చోబెట్టాడు. నమాజు వేళకు పని ఆపి, మందిరం ఆవరణలోనే కొళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని మసీదుకు పోయి వచ్చేవాడు. ఆకుపచ్చని బండా బూడిదరంగు బండా కలిపి ఆయన పరిచిన తీరు చూస్తే కడుపు నిండిపోయేది. అంత చక్కటి నేలకు నేను చెప్పినట్టే నైరుతికి వాటం పెట్టాడు. చివరి రోజు ఒక బిందెడు నీళ్ళు నేల మీద పోసి, నావైపు తిరగకుండా నిలబడ్డాడు. నీళ్ళు చక్కగా, బుద్ధిగా, ఎక్కడా ఆగకుండా పోయి నైరుతి మూలలో మడుగు కట్టాయి. అక్కడ ఆగిపోయాయి. నేను నా పాత చీర తెచ్చి తుడిచేశాను. తుడిస్తే పోతాయి కదా అన్నాను. ఆయన ఖాళీ బిందె తీసుకుని బయటికి పోయాడు.

ప్రతిష్ఠకు ముందు రోజు శనివారం, స్త్రీల సమాజం వాళ్ళందరం కలిసి నేల కడిగాం. కడగడం అరగంట, తుడవడం రెండు గంటలు. ఎంత పిండినా ఆ మూల నీళ్ళు తరగవు. మాలో ఒకామె నడుం పట్టుకుని, "సాయిబు వాటం సరిగా పెట్టల్యా" అంది. ఇంకొకామె, "ముసలోడైపోయినాడు, కండ్లు కనపడవంట" అంది. నేను అవునని తల ఊపలేదు. కాదని కూడా అనలేదు. గుడ్డ పిండుతూ ఉండిపోయాను. రేపు వర్తమానం ఉంది, దాన్ని గురించి ఆలోచించుకోవాలి అని సర్ది చెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున మందిరం కిటకిటలాడింది. మగవాళ్ళు ఎడమ పక్క, ఆడవాళ్ళు కుడి పక్క, చాపల మీద. ముసలమ్మలంతా వాకిలి పక్క గోడకు వీపు ఆనించుకోవడానికి కుడి పక్క మూలలో చేరారు. అంటే నైరుతిలో. మా అత్త వాళ్ళ మధ్యలో మహారాణిలా కూర్చుంది. మేస్త్రీ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని, కొత్త టోపీతో వచ్చాడు. మా దగ్గర ఏ కట్టడం పూర్తయినా మేస్త్రీకి బట్టలు పెట్టి పంపడం మర్యాద. ఆయన కోసం పంచె, చొక్కా గుడ్డ, ఒక శాలువా పళ్ళెంలో పెట్టి వేదిక మీద ఉంచాం. పెద్దాయన చేతుల మీదుగా ఇప్పించాలని ఏర్పాటు. మేస్త్రీని మగవాళ్ళ పక్క గోడ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సిగ్గుపడుతూ కుర్చీ అంచున కూర్చున్నాడు.

రెండో పాట సగంలో ఉండగా ఉరిమింది.

ఎవరూ నమ్మలేదు. మళ్ళీ ఉరిమింది. చెప్పుకోవాల్సింది ఏమంటే, ఆ ముందు శుక్రవారమే వానకోసం ఉపవాస ప్రార్థన చేశాం. రేకుల మీద టపటపమని చినుకులు మొదలయ్యేసరికి అందరూ లేచి నిలబడి స్తోత్రం స్తోత్రం అని కేకలేశారు. అయ్యగారి కళ్ళ వెంట నీళ్ళు. నేనూ ఏడ్చాను. మా సీమలో వాన వస్తే ఏడవకుండా ఉండటం ఎవరి వల్లా కాదు. అది మామూలు వాన కాదు, కుండపోత. పావుగంట తర్వాత మెట్టమీదున్న మా రోడ్డు మీది నీళ్ళు, మేస్త్రీ చెప్పినట్టే, గడప దాటి మందిరంలోకి వచ్చాయి. వచ్చి, ఎవరో దారి చూపినట్టు తిన్నగా కుడి పక్క మూలకు నడిచాయి.

మొదట ఒక ముసలమ్మ స్తోత్రం అంటూనే ఎగిరి నిలబడింది. అది ఆత్మావేశమనుకుని పక్కనున్నవాళ్ళు ఇంకా గట్టిగా స్తోత్రం అన్నారు. తర్వాత ఇంకొకామె లేచింది. చాపలు తేలడం మొదలైంది. "ఓర్నాయనో, నా సంచి, నా సంచి!" అని ఒకామె తమలపాకుల సంచి కోసం వెతుక్కుంటోంది. మా అత్త మాత్రం లేవలేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఎవరో ఒక స్టూలు తెచ్చి దాని మీద కూర్చోబెడితే, నీళ్ళలోంచి కాళ్ళు పైకి ముడుచుకుని, చుట్టూ కలయజూసి, "బాప్తిస్మం మళ్ళా ఇస్తాండారా ఏంది?" అని గట్టిగానే అడిగింది. పిల్లలు నవ్వారు. అయ్యగారు దగ్గి ఊరుకున్నారు.

వాన తగ్గింది. నీళ్ళు మాత్రం కదల్లేదు. మగవాళ్ళు తలా ఒక చాప పట్టుకుని తోసినా మళ్ళీ అక్కడికే వచ్చి చేరాయి. పెద్దాయన పంచె మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని ఆ మడుగు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ముఖం ఎర్రబడింది. వేదిక మీదికి వచ్చి పళ్ళెంలోంచి శాలువా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఏం మేస్త్రీ" అన్నాడు అందరి ముందర. "ఇది నేలనా, కుంటనా? ఏమప్పా, ఇన్నేండ్ల నుంచి పని చేస్తాండావు, వాటం యా పక్కకు పెట్టల్లో తెలీదా నీకు? మా ఇంటి పని సంగతి నేను ఇంగ వేరే ఆలోచించుకోవల్ల."

మేస్త్రీ కుర్చీలోంచి సగం లేచాడు. నావైపు ఒకే ఒక్కసారి చూశాడు. తర్వాత మళ్ళీ కూర్చుని, తాను పరిచిన బండల వైపే తల దించుకున్నాడు.

నేను లేవాలి. నాకు తెలుసు. నోరు తెరవాలి, నాలుగు మాటలు, అంతే. కానీ నా ఒళ్ళో వర్తమానం కాగితాలున్నాయి. ఇప్పుడు లేచి తప్పు నాదంటే ఆ తర్వాత వేదికెక్కి తెలివి గురించి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ముందు వర్తమానం చెప్పేస్తాను, కూడిక అయిపోయాక పెద్దాయనను పక్కకు పిలిచి మెల్లగా చెబుతాను అనుకున్నాను. ఎంత తెలివి చూశారా! ఇంతలో పరిస్థితి చక్కదిద్దాలని అయ్యగారే, "ఇప్పుడు మన టీచరమ్మ భయభక్తుల గురించి మాట్లాడతారు" అని పిలిచేశారు.

వేదికెక్కాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు ఖంగుమంది. దేవునికి భయపడడమంటే వణకడం కాదు, ఆయన చూస్తున్నాడని ఎరిగి నడవడం అన్నాను. ముసలమ్మలు నీళ్ళల్లో నిలబడే ఆమేన్ అన్నారు. దేవునికి భయపడేవాడు మనుషులకు భయపడడు అన్నాను. ఆమేన్ అన్నారు. ఆ మాట నా నోట్లోంచి పోయి, గోడకు తగిలి, తిరిగి నాకే వచ్చినట్టయింది. అయినా మూడో మాటలోకి పోయాను. అసలు భయం ఉన్నవాడు ఇచ్చిన మాట తప్పడు, ఎందుకంటే...

ఎందుకంటే దగ్గర ఆగిపోయాను.

కాగితంలో ఆ తర్వాత ఏముందో నాకు కనిపిస్తూనే ఉంది. చదవలేకపోయాను. మేస్త్రీ తల దించుకునే ఉన్నాడు. ఒక కాలి బొటనవేలితో రెండు బండల మధ్య సందును మెల్లగా తడుముతున్నాడు, ఎక్కడైనా తన వల్ల తప్పు జరిగిందేమో చూసుకుంటున్నట్టు. అది చూడగానే నాకు ఏడుపు వచ్చేసింది. సిగ్గేసింది. అంత సిగ్గు నాకు పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎప్పుడూ వేయలేదు.

కాగితాలు మడిచి పక్కన పెట్టాను. వేదిక మీద మాట్లాడే భాష అంతా ఎటు పోయిందో, ఇంట్లో మాట్లాడే భాషే వచ్చింది.

"వాటం తప్పు పెట్టింది మేస్త్రీ కాదు. నేను. ఆయన ఈశాన్యానికి పెట్టల్లని మొత్తుకున్నాడు. అది వాస్తు అని నేనే పడనియ్యల్యా. రోడ్డు మెరకుండాది, నీళ్ళు లోపలికొస్తాయి అని గూడ చెప్పినాడు. నేను నవ్వినా. ఎవరన్నా అడిగితే నేను పెట్టించినానని చెప్తానని ఈడనే, ఇదే తావులో, దేవుని ముందర మాటిచ్చినా. నిన్న మనోళ్ళు ఆయన్ను అంటాంటే గమ్మునుంటి. ఇప్పుడు పెద్దాయన అంటాంటే గూడ గమ్మునుంటి. వర్తమానం పోతాదని."

నాకు ఆపాలనిపించలేదు. ఒక్కసారి మొదలైతే ఆపడం నాకు చేతకాదు, మా ఆయనను అడగండి.

"నాకు దేవుడంటే భయమని ఊరంతా చెప్పుకు తిరిగితి. ఆయనకు భయపడలేదు నేను. ఈశాన్యానికి భయపడినా, రాహుకాలానికి భయపడినా, పిల్లికి భయపడినా. దేవునికి భయపడినింటే నీళ్ళు యాడికి పోతాయో చూసుంటి, చేతనైనోడు చెప్తే వినింటి. ఇంగ నాకేం చెప్పేకి లేదు."

దిగి వచ్చి ఆ మడుగులో ముసలమ్మల పక్కన నిలబడ్డాను. నీళ్ళు చీలమండల దాకా చల్లగా తగిలాయి. మా అత్త స్టూలు మీది నుంచి వంగి, నా భుజం తట్టి, అందరికీ వినపడేటట్టు అడిగింది. "అయితే మన పొయ్యి గూడ మారుస్తావామ్మే?"

ముందు మా ఆయన నవ్వాడు. ఆయన నవ్వు ఎట్లాంటిదంటే, ఆపుకోవాలని చూసేకొద్దీ ముక్కులోంచి వస్తుంది. దాంతో మందిరమంతా నవ్వేసింది. అయ్యగారు కూడా నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. వేదిక దిగి, తడి బండల మీద చప్పుడు చేసుకుంటూ మేస్త్రీ దగ్గరికి పోయి, చంకలో శాలువా తీసి ఆయన భుజాల మీద కప్పాడు. "తప్పు మాటంటిని మేస్త్రీ. మా ఇంటి పని నువ్వే చెయ్యల్ల" అన్నాడు.

మేస్త్రీ శాలువా సర్దుకుని లేచాడు. "నాది గూడ తప్పుండాది పెద్దాయనా. తప్పని తెల్సీ పరిచినా. నేను ఒప్పుకోకుండింటే సరిపోయేది. రేపు పొద్దున్నే వచ్చి ఎత్తి మళ్ళా పరుస్తా" అన్నాడు. కూలికి నేనొస్తాను మేస్త్రీ అని వెనక నుంచి నేను కేకేశాను. దానికీ ఆమేన్ అన్నారు. ఆ రోజు అందరికంటే గట్టిగా వినిపించిన ఆమేన్ అదే.

సోమవారం నుంచి పది రోజులు, బడికి ముందో గంట, బడి తర్వాత రెండు గంటలు, కొంగు నడుముకు దోపుకుని ఇసుక మోశాను. చేతులు బొబ్బలెక్కాయి. ఆయన ఒక్కొక్క బండనూ పగలకుండా గడ్డపారతో లేపి, అడుగున ఇసుక సరిచేసి, వాటం ఈశాన్యానికి తిప్పుకుంటూ వచ్చాడు. వెనక తలుపు దగ్గర తూము తొలిచాడు. గడప దగ్గర ఒక బండను అడ్డంగా నిలబెట్టి వీధి నీళ్ళు లోపలికి రాకుండా కట్ట కట్టాడు. ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో అడిగితే విసుగు లేకుండా చెప్పేవాడు. నేను నోరు మూసుకుని వినడం మా ఆయన ఒకరోజు వచ్చి కళ్ళారా చూసి, ఆశ్చర్యపోయి, ఫ్యాక్టరీలో అందరికీ చెప్పాడట.

అప్పటికే ఆయనను మేస్త్రీ అని పిలవడం మానేసి చిన్నాయనా అంటున్నాను. చివరి బండలు కూర్చోబెడుతున్న రోజు, మనసులో తొలుస్తున్నది అడిగేశాను.

"చిన్నాయనా, ఆ పొద్దు నువ్వే ఒక మాట అనింటే అయిపోతుండె గదా. టీచరమ్మే పెట్టించిందని యాలా చెప్పకపోతివి?"

ఆయన బండ మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి, చెవి దగ్గరగా పెట్టి, అడుగున బోలు మోగుతోందేమో విన్నాడు. "మాటిచ్చింది నువ్వు గదమ్మా. చెప్పల్సింది నువ్వే. నడమల నేను దూరితే నీ మాట ఏమైతాది?"

"మరి నేను చెప్తానని నీకు నమ్మకముండెనా?"

ఆయన గడ్డంలో అంటిన సిమెంటు తుడుచుకున్నాడు. నన్ను నొప్పించకుండా ఎట్లా చెప్పాలా అని చూస్తున్నాడని నాకు అర్థమైంది.

"నువ్వు మీదికెక్కిందాక ఉండెనమ్మా. ఎక్కినంక, దేవుని భయం గురించి అంత బాగా చెప్తాంటివి గదా, అప్పుడు పోయింది. ఇంత బాగా చెప్పే ఆయమ్మ ఇంగ నిజం చెప్పదులే అనుకుంటి" అన్నాడు.

నేను తట్ట ఎత్తుకుని ఇసుక తేవడానికి పోయాను.